సోలార్ చౌకైతే మన కరెంటు బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

అడిగినవారు తిరుపతిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, నెలకు రెండు వేలు దాటి బిల్లు వస్తోందట. సోలార్ కరెంటు బొగ్గు కరెంటు కన్నా చౌక అంటున్నది నిజమేనా, నిజమైతే బిల్లు ఎందుకు తగ్గదు అని అడిగారు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి చివరికి బొగ్గే దిక్కు, సోలార్ అంతా ప్రచారం అని వాళ్ల మామయ్య వాదిస్తున్నాడట.

చౌకే. ఇందులో అనుమానం అక్కర్లేదు. నేను చిత్తూరులో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను, కాలిపోయిన మోటార్లు, జనరేటర్లు, స్టార్టర్లు చూడటమే నా పని, కాబట్టి కరెంటు లేకపోతే మనిషికి ఎంత ఖర్చవుతుందో నాకు బాగా తెలుసు. మీ మామయ్య రాత్రి సంగతి అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను.

మా బావ పూతలపట్టు వైపు ఒక పల్లెలో పాల కూలింగ్ సెంటర్ నడుపుతాడు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పొద్దున, సాయంత్రం క్యాన్లతో పాలు తెచ్చి పోస్తారు. పిండినప్పుడు పాలు 35 డిగ్రీల దాకా ఉంటాయి, గంటల్లోనే వాటిని 4 డిగ్రీలకు దించాలి, లేకపోతే పొద్దున ట్యాంకర్ వాళ్లు టెస్ట్ చేసి వెనక్కి కొట్టేస్తారు. వెనక్కి కొట్టిన పాలకు డబ్బు ఎవరూ ఇవ్వరు, పోసిన ఆడవాళ్లకు మాత్రం లెక్క ప్రకారం కట్టాల్సిందే. 2022 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీలకు వారానికొకసారి పవర్ హాలిడే ఇచ్చారు, రోజంతా ఆగకుండా నడిచే పరిశ్రమలను సగం కరెంటుతోనే నడుపుకోమన్నారు, పల్లెల్లో రాత్రిళ్లు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, పాలు పోయడం సగంలో ఉండగా కరెంటు పోయింది. బావ జనరేటర్ వేయబోతే స్టార్ట్ కాలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. నాకు ఫోన్ చేస్తే షాపులో ఉన్న బ్యాటరీ ఒకటి బైక్ వెనక కట్టుకుని పోయాను. నేను పోయేసరికి చీకటి పడింది, లోపల ఆరేడు వందల లీటర్ల పాలు గోరువెచ్చగా ఉన్నాయి, బయట ఆడవాళ్లు ఇంకా క్యాన్లు పెట్టుకుని కూర్చున్నారు. "అన్నా, మా పాలు పోయించుకుంటారా లేదా, లేకపోతే ఇంటికి తీసుకుపోయి తోడేసుకుంటాం" అని ఒక పెద్దామె అడుగుతోంది. మా అక్క ఎవరినీ వెనక్కి పంపించనంటుంది, బావేమో పోయించుకుంటే మొత్తం పాడవుతాయంటాడు. జనరేటర్ స్టార్టయింది గానీ గంట తిరిగేసరికి డీజిల్ అయిపోయింది, దగ్గర్లో బంకు లేదు. అప్పుడు మా అక్కే అంది, చిత్తూరులో ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా, దిమ్మలు తెప్పించండి అని. ఆటోలో గోనెసంచులు కప్పి మంచు దిమ్మలు తెచ్చాం. వాటిని పగలగొట్టి పెద్ద తొట్లలో నీళ్లతో కలిపి, క్యాన్లు మూతలు బిగించి అందులో దించి, ఆ రాత్రంతా కర్రలతో పాలు కలుపుతూ కూర్చున్నాం. పొద్దున ట్యాంకర్ వాళ్లు తీసుకున్నారు. ఒక్క క్యాను కూడా వెనక్కి పోలేదు.

ఆ నెల డీజిల్ లెక్క వేశాం. అప్పుడు లీటరు వంద దాటి ఉంది. చిన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు మహా అయితే మూడు యూనిట్ల కరెంటు ఇస్తుంది. అంటే యూనిట్ ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు రూపాయలు. వెయ్యి లీటర్ల పాలు చల్లబడటానికి దగ్గర దగ్గర ఇరవై యూనిట్లు పడుతుంది, అంటే ఆరేడు వందలు డీజిల్‌కే పోతాయి. లీటరు పాలకు అరవై డెబ్భై పైసలు. పాల సెంటర్ కమీషన్‌లో అంత పోతే ఇక మిగిలేదేముంది? అదే పని లైను కరెంటుతో, యూనిట్ ఏడు రూపాయలనుకున్నా, లీటరుకు పద్నాలుగు పైసల్లో అయిపోతుంది.

తర్వాతి సంవత్సరం బావ షెడ్డు మీద సోలార్ పెట్టించాడు. అందరూ అన్నారు, సాయంత్రం పాలకు సోలార్ ఏం పనికొస్తుంది, ఎండ పోయాకే కదా పాలు వచ్చేది అని. మీ మామయ్య మాటే. ఆ రాత్రి మంచు దిమ్మలు చూసినవాడు కాబట్టి బావ బ్యాటరీల జోలికి పోలేదు, ఐసు బ్యాంక్ ట్యాంకు పెట్టించాడు. డెయిరీల్లో ఇది పాత పద్ధతే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు కంప్రెసర్ తిరుగుతుంది, ట్యాంకులో గొట్టాల చుట్టూ మంచు గడ్డకడుతుంది. సాయంత్రం పాలు వచ్చినప్పుడు ఆ మంచునీళ్లు తిప్పితే చాలు, చిన్న పంపు మోటార్ తప్ప పెద్ద లోడ్ ఏమీ ఉండదు. వెయ్యి లీటర్ల పాలకు దాదాపు 400 కిలోల మంచు కావాలి. సోలార్ యూనిట్ మూడు రూపాయల లోపే పడుతోంది కాబట్టి లీటరు పాలకు ఆరు పైసలు. రాత్రి వాడుకోవాలంటే కరెంటునే దాచిపెట్టాలని ఎక్కడా లేదు. చల్లదనం దాచుకోవచ్చు, ట్యాంకులో నీళ్లు ఎక్కించి పెట్టుకోవచ్చు, పిండి పగలే ఆడించుకోవచ్చు. మన జిల్లాలో కరెంటు ఎక్కువ తాగేవి బోరు మోటార్లు, వాటికి రాత్రితో పనేముంది?

ఇది చెప్తుంటే ఇంకో సంగతి గుర్తొస్తోంది, చెప్పకుండా ఉండలేను. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటల కరెంటు ఈ మధ్య వచ్చింది గానీ, అంతకుముందు ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఇచ్చేవాళ్లు. అప్పుడు బొగ్గు కేంద్రాలకు రాత్రిపూట గిరాకీ లేదు, వాటిని ఆపి మళ్లీ వెలిగించడం కష్టం, ఖర్చు, అందుకని మిగిలిన కరెంటును రైతు నెత్తిన పోశారు. వెయ్యి అడుగుల బోర్లలో ఉన్న మోటార్లు ఆ వోల్టేజీ ఆటుపోట్లకు కాలిపోయి నా షాపుకు వచ్చేవి. మోటార్ పైకి లాగడానికి కూలి, వైండింగ్‌కు ఖర్చు, మళ్లీ దించడానికి కూలి. చీకట్లో పొలానికి పోయి పాము కరిచినవాళ్లున్నారు, తడి చేతుల్తో స్టార్టర్ పట్టుకుని షాక్ కొట్టి చనిపోయినవాళ్లున్నారు. బొగ్గు కరెంటు చౌక అని లెక్కలు వేసినవాళ్లెవరూ ఇవి కలపలేదు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సరే, బిల్లు సంగతి. బొగ్గు కరెంటు ధర రెండు భాగాలు. ఒకటి స్థిర చార్జీ, అంటే బొగ్గు కేంద్రం కట్టడానికి తెచ్చిన అప్పు, వడ్డీ, జీతాలు. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, మనం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఇది కట్టాలి. రెండోది బొగ్గు ఖర్చు. మన రాయలసీమ థర్మల్ కేంద్రం ముద్దనూరు దగ్గర ఉంది. అక్కడ బొగ్గు గనేమీ లేదు. సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి రైల్లో రావాలి. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కటి రోజంతా నిండుగా తిరిగితే మూడున్నర వేల టన్నుల బొగ్గు, అంటే దాదాపు ఒక గూడ్సు బండి ఖాళీ అవుతుంది. అందులో మూడో వంతు దాకా బూడిదే. బూడిదను కూడా వందల కిలోమీటర్లు కిరాయి కట్టి మోసుకొస్తున్నాం. గని పక్కనే ఉన్న పాత కేంద్రాల్లో ఇప్పటికీ బొగ్గు ఖర్చు యూనిట్‌కు రెండు రూపాయల లోపు ఉందన్న మాట నిజమే, అయితే అవి మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలి దిక్కున ఉన్నాయి, మన సీమలో లేవు.

అన్నింటికన్నా పెద్ద సమస్య, బొగ్గు కరెంటు అసలు ధర వాడిన రోజున మనకు తెలియదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక విదేశీ బొగ్గు టన్ను 400 డాలర్లు దాటింది, మన దగ్గర ఎండలు ముందే ముదిరాయి, గనుల బొగ్గు సరిపోక పది శాతం విదేశీ బొగ్గు కలపమని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. కరెంటు కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్‌లో యూనిట్ ఇరవైకి పోతుంటే పన్నెండు దగ్గర పరిమితి పెట్టారు. ఆ ఏడాది మీ బిల్లులో ఇదంతా కనపడిందా? లేదు. 2022-23లో వాడేసిన కరెంటుకు అదనంగా 6,072 కోట్లు వసూలు చేసుకోమని రాష్ట్రంలో కరెంటు ధరలు తేల్చే ఏపీఈఆర్‌సీ 2024లో అనుమతిచ్చింది, 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లో వేశారు. ఆ మరుసటి ఏడాది 2023-24కు ఇంకో 9,412 కోట్లు. కిరాణా కొట్టువాడు బియ్యం ఇచ్చి డబ్బు తీసుకుని, రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చి ఆ బియ్యం నాకు ఎక్కువకు పడింది, ఇంకో నూరు ఇవ్వు అంటే ఊరుకుంటామా? బిల్లు వెనక ట్రూ అప్, ఇంధన సర్దుబాటు అని చిన్న అక్షరాల్లో ఉండేవి ఇవే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకైతే మరీ అన్యాయం, ముందున్నవాళ్లు వాడిన యూనిట్ల బాకీ ఇప్పుడున్నవాళ్లు కడుతున్నారు.

సోలార్‌లో ఈ గొడవ లేదు. ఖర్చంతా మొదట్లోనే, ఆ తర్వాత ఎండకు ఎవరూ రేటు పెంచలేరు. ఒప్పందం రాసుకున్న ధరే పాతికేళ్లు. 2010 చివర్లో దేశంలో మొదటి సోలార్ వేలాల్లో యూనిట్ పన్నెండు రూపాయలు. 2014 ప్రాంతంలో మన రాష్ట్రంలో రాసుకున్న ఒప్పందాల్లో దాదాపు ఆరు రూపాయలు. 2017లో కడప సోలార్ పార్కుకు 3.15, అదే ఏడాది రాజస్థాన్ భడ్లాలో 2.44. మన రాష్ట్రం 2021లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీతో రాసుకున్నది 2.49. పదేళ్లలో అయిదో వంతుకు దిగిన సరుకు నేను ఇంకోటి చూడలేదు, రాగి తీగ ధర మాత్రం నా షాపులో ఏటా పెరుగుతూనే ఉంది.

మీ మామయ్య లాంటివాళ్లు చెప్పే సోలార్ ఖరీదు అంతా ఆ 2014 నాటి ఒప్పందాలది. గాలిమరలవి కూడా యూనిట్ 4.84 దాకా పాతికేళ్లకు రాసుకున్నారు. అవి తగ్గించాలని 2019లో ప్రభుత్వం పట్టుబట్టింది, కంపెనీలు కోర్టుకు పోయాయి, 2022 మార్చిలో హైకోర్టు రాసుకున్న ధరే కట్టాలని తేల్చింది. కాబట్టి మన బిల్లులో ఖరీదైన పాత సోలార్ ఉంది, తిరగని బొగ్గు కేంద్రాల స్థిర చార్జీ ఉంది, పాత బాకీలున్నాయి. చౌక సోలార్ ఆ గుంపులో ఇప్పుడిప్పుడే చేరుతోంది. బిల్లు తగ్గకపోవడానికి కారణం అది, సోలార్ చౌక కాకపోవడం కాదు.

రాత్రి కూడా కలిపి పోల్చమంటారా, పోలుద్దాం. 2024లో సెకీ వేలాల్లో సోలార్‌తో పాటు సాయంత్రం కొన్ని గంటలకు బ్యాటరీ కూడా పెట్టి ఇచ్చే కరెంటు మూడున్నర రూపాయల దగ్గరకు వచ్చింది. రాత్రంతా కాదు, అందరూ ఒకేసారి లైట్లు, ఏసీలు వేసే ఆ పీక్ గంటలకు. 2025లో బీహార్ పీర్‌పైంతిలో కొత్తగా కట్టబోయే బొగ్గు కేంద్రానికి ఖరారైన ధర యూనిట్ ఆరు రూపాయల పైన. కొత్తది కొత్తదానితో పోల్చాలి. అప్పు తీరిపోయిన పాత బొగ్గు కేంద్రాన్ని కొత్త సోలార్ పక్కన పెట్టి పోల్చడం తప్పు లెక్క. కర్నూలు వైపు పిన్నాపురంలో పగలు నీళ్లు పైకి ఎక్కించి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు కట్టారు, వీలైతే మీ మామయ్యను ఒకసారి అటు తీసుకుపోండి.

ఇంటి సంగతికి వస్తాను. మన స్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. నెలకు 300 యూనిట్లు వాడితే ఒక్క కరెంటుకే 1,670 దాకా, పైన చార్జీలు వేరే. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెడితే రోజుకు సగటున పన్నెండు యూనిట్లు వస్తుంది. ముందు పోయేది ఆ 8.75 రూపాయల యూనిట్లే, అందుకే ఎక్కువ వాడేవాళ్లకు లాభం ఎక్కువ. ఖర్చు రెండు లక్షల లోపు, కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్య ఘర్ కింద 78,000 సబ్సిడీ. సబ్సిడీ లేదనుకున్నా, ఇరవై ఏళ్లకు లెక్క వేసి మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చే ఖర్చు కలిపినా, యూనిట్ మూడు రూపాయలు దాటదు.

అయితే నెలకు 75 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లులో కరెంటు ధర రెండు వందల లోపే. యూనిట్ సగటున రెండున్నర. ఆ ఇంటివాళ్లు లక్ష పెట్టి సోలార్ ఎందుకు పెట్టుకుంటారు? చౌక కరెంటు ముందుగా డబ్బు పెట్టగలిగినవాడికే అందుతోంది, ట్రూ అప్ బాకీ మాత్రం అందరికీ పడుతోంది. పేదవాళ్ల ఇళ్ల మీద ప్రభుత్వమే పూర్తిగా తన ఖర్చుతో పెట్టాలి. స్లాబులో ఏటా ఇచ్చే సబ్సిడీ ఎలాగూ ఇస్తున్నారు, దాన్నే ఒకేసారి ప్యానెళ్లకు పెడితే ఆ ఖర్చు మళ్లీ మళ్లీ రాదు.

పెట్టించుకునేవాళ్లు ఏజెంట్ల మాటలు నమ్మకండి. మా ఇంటికి వచ్చిన ఒకతను బిల్లు సున్నా అయిపోతుంది సార్ అన్నాడు. సున్నా కాదు, స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ ఎప్పుడూ ఉంటాయి. మా మేడ మీద వాటర్ ట్యాంకు నీడ పడేచోట ప్యానెళ్లు బిగించబోతే నేనే ఆపాను. ఒక ప్యానెల్ మీద నీడ పడితే దానితో వరసగా కలిపిన మిగతావి కూడా తగ్గిపోతాయి, అది చెప్పినా అతనికి అర్థం కాలేదు. లోన్ ఇచ్చే బ్యాంకులో అయితే మేడ మన పేరు మీదే ఉందని కాగితం మీద కాగితం అడిగారు, మోటార్ బైకు లోన్‌కు ఇన్ని అడగరు. ఇంకోటి, మే నెల ఎండకు కరెంటు ఎక్కువొస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్ వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం. మన దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలలే మంచివి, నవంబర్‌లో ముసురు పడితే బాగా తగ్గుతుంది. బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేయకండి, ఉప్పు పొర కడుతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉన్నవాళ్లైతే కోతుల నుంచి వైర్లకు పైపు తొడిగించుకోండి.

మీరుండేది అపార్ట్‌మెంట్ కాబట్టి మేడ అందరిదీ. సొంతంగా పెట్టుకోవడం కష్టం, అయితే కామన్ మీటర్ అని ఒకటుంటుంది, లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు దాని మీదే నడుస్తాయి, ఆ బిల్లు మీ మెయింటెనెన్స్‌లోనే కడుతున్నారు. అసోసియేషన్ వాళ్లను ముందు ఆ మీటర్‌కు సోలార్ పెట్టమని అడగండి. సూర్య ఘర్‌లో అసోసియేషన్లకు కామన్ వాడకానికి కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ వేరేగా ఉంది. సంపుకు, ట్యాంకుకు మోటారు పగలు పదకొండు నుంచి మూడు మధ్యలో వేసేట్టు వాచ్‌మన్‌కు చెప్పండి, టైమర్ పెట్టినా మంచిదే, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొటేషన్లు తీసుకున్నాక ట్యాంకులు, లిఫ్టు రూము ఎక్కడున్నాయో మేడ ఫోటో ఇక్కడ పెట్టండి, నీడ ఎటు పడుతుందో చూసి ఎన్ని ప్యానెళ్లు పడతాయో చెప్తాను.